నాన్న బండి చక్రం

ఇల్లందులో ఫ్లెక్సీలు డిజైన్ చేసే పనిలో చేరినప్పుడు నేను నేర్చుకున్న మొదటి పాఠం, మర్యాదను మనిషి సైజుతో చూపించాలని. లీడర్ నిండుగా ఉండాలి, ఆయన వెంట తిరిగేవాళ్లు కింద వరసలో గోలీలంత ఉండాలి. ఒక్క తల తగ్గినా షాపు ముందు పంచాయితీ. అందుకే నాన్న పక్కన నేను నిలబడ్డట్టు ఫొటో చేసుకోవాలని కూర్చున్నప్పుడు కూడా, చెయ్యి అలవాటుకొద్దీ ముందు ఆయన్ని లాగి పెద్దగా చేసింది.

నాన్న బొగ్గుబాయిలో పనిచేసేవాడు. నాకు ఊహ తెలియకముందే జ్వరంతో పోయాడు. ఆయన నిలువెత్తు ఫొటో మా దగ్గర ఒక్కటే ఉంది. ఇంటి ముందు, తన మోటారు బండి సీటు మీద చెయ్యేసి నిలబడ్డాడు. అదే బండికి హ్యాండిల్ వైపు నేను నిలబడాలి. ఆయన పక్కన నేను ఎంతవరకు వస్తానో చూసుకోవాలి. నా కోరికంతా అదే.

అమ్మది మాత్రం చిన్నప్పటినుంచీ ఒకటే మాట. "మీ నాన్న తాడిచెట్టంత మనిషి. నువ్వు ఆయన భుజానికి గూడ రావే."

నేనసలే మా వాడలో అందరికంటే పొడుగు. చర్చిలో వెనక కూర్చున్నవాళ్లు నన్ను చూసి గొణుక్కుంటూ పక్కకు జరుగుతారు. అలాంటి నేనే భుజానికి రానంటే ఆ మనిషి ఎంత ఉండాలి? సరే అని అమ్మ చెప్పినట్టే పెంచాను. నాన్నతోపాటు బండీ పెరిగింది. చక్రం ఎడ్లబండి చక్రమంత అయింది, హ్యాండిల్ నా గడ్డం దగ్గరికొచ్చింది. ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు జల్లుమంది. మనుషుల్లో పొట్టీ పొడుగూ ఉంటారు గానీ, ఒక రకం బండి చక్రాలన్నీ ఒకటే సైజు కదా. అలాంటి బండి పక్కన నేను ఫొటో దిగి, చక్రానికి చక్రం సరిపెడితే నాన్న ఎత్తు దానంతటదే తేలిపోతుంది.

ఆ పాత రకం బండి కోసం ఎక్కని గడప లేదు. చివరికి ఏన్కూరులో ఒక మెకానిక్ షెడ్డులో దొరికింది.

"ఇది నడువదక్కా," అన్నాడు మెకానిక్.

"నడిపేది లేదన్నా. పక్కన నిలబడతా, అంతే."

ఈమెకేమైనా పిచ్చా అన్నట్టు చూసి, నవ్వుకుంటూనే బండిని ఎండలోకి తోశాడు. పాత ఫొటో చూపించి, అంతే దూరం నుంచి, అంతే ఎత్తులో తీయమని కెమెరా అతని చేతికిచ్చాను. తిరుగు బస్సులో నేను కుదురుగా కూర్చుంటే ఒట్టు.

షాపుకొచ్చి చక్రం మీద చక్రం పెట్టాను. సరిగ్గా కూర్చుంది. రెండోదీ కూర్చుంది. అప్పుడు పైకి చూశాను. నాన్న కళ్లూ నా కళ్లూ ఒకే గీత మీద ఉన్నాయి. కుర్చీలోంచి ఎగిరి లేచాను. ఇన్నాళ్లూ ఈ పొడుగు ఎవరి పోలికే అని అందరూ ఎగతాళి చేస్తే తలొంచుకున్నాను. ఇదిగో, ఈయన పోలిక.

ప్రింటు తీసుకుని ఇంటికి పరుగెత్తాను. అమ్మ చూసి మొహం ముడుచుకుంది.

"ఏందే గిది? మీ నాన్నను గిట్ల కురచ చేసినవ్?"

"నేనేం చేయలేదమ్మా. నాన్న గంతే."

"ఆయనతోని కాపురం జేసింది నేనా, నువ్వా?"

విసురుగా లేచి, పెట్టె అడుగు నుంచి నాన్న పెళ్లికోటు తీసింది. "తొడుక్కో. చేతులు ఏడిదాంక వస్తయో నువ్వే సూడు."

తొడుక్కున్నాను. భుజాల దగ్గర కాస్త వదులు. చేతులు మాత్రం సరిగ్గా నా మణికట్టు దగ్గర ఆగాయి.

కాలరు మడతపడి ఉంటే సరిచేయడానికి అమ్మ దగ్గరికొచ్చింది. అందక, మునివేళ్ల మీద లేచింది. లేచి అలాగే ఆగిపోయింది.

"అవ్," అంది, కాలరు వదలకుండా. "గింతే ఉండె. పొట్టిదాన్ని నేనే."