పత్తిచేను పాటలో ఆగే చోటు

మా ఇంట్లో అమ్మ ఫోటో లేదు. ఆమె మిగిల్చిపోయింది పత్తిచేన్లో పాడుకునే ఒక పాట, అదీ నా ఒక్కదాని దగ్గర. చెల్లెలు పాలు మరవక ముందే అమ్మ పోయింది కాబట్టి దానికి ఆ గొంతు తెలియదు. నాయన పాడడు. డెబ్బైల చివర ఆదోని చర్చిలో సారు గిటారు నేర్పిస్తానంటే, ప్రార్థన పాటల కోసమని చెప్పి చేరాను గానీ నా ఆశంతా ఆ పాటను తీగల మీదికి ఎక్కించాలనే. నేను కూడా మరిచిపోతే అమ్మ రెండోసారి పోతుందని భయం.

సారు ముందు వేళ్లకు పని పంచాడు. బొటనవేలు లావు తీగల మీద నడుస్తూ ఉండాలి, మిగతా వేళ్లు సన్న తీగలను ఒకదాని వెంట ఒకటి లాగాలి. దానికి గోళ్లు పెంచమన్నాడు. నాతో పత్తి తీసే ఆడవాళ్లు ఊరుకుంటారా? "కూలికొచ్చినావా, పెండ్లికొచ్చినావా అమ్మీ?" అని ఒకటే నవ్వు. పత్తికాయ మొన తగిలి గోరు విరిగిందంటే ఆ వారం పాఠం పోయినట్టే. నాకు ఒళ్లు మండేది.

వేళ్లు మాట విన్నాక, చర్చి గిటారును అడిగి ఇంటికి తెచ్చుకుని అమ్మ పాట ఎత్తుకున్నాను. అమ్మ ప్రతి చరణంలోనూ ఒక చోట ఆగేది. ఎందుకో తెలియదు, నేనూ అట్లాగే ఆగేదాన్ని. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా వేరుశనక్కాయలు ఒలిచే నాయన చెయ్యి ఆగిపోయేది. చెల్లెలు వాకిలి వైపు చూసేది. నాకు పక్కనే ఎవరో నిలబడి ఉన్నట్టుండేది. నిజం చెప్పాలంటే, ఆ ఖాళీ కోసమే వాయించేదాన్ని.

సారుకు వినిపిస్తే, "ఆడ ఊరికే ఎందుకు నిలుస్తావు పాపా? తాళం పోతాంది, నింపు," అన్నాడు. తాళం తెలిసినవాళ్లు ఎవరైనా అదే అంటారు. ఆ ఖాళీలో తీగ మీద వేలు జార్చి పలికించే చిన్న జారుడు ఒకటి పెట్టించాడు. బాగుంది కూడా! ఆ వరుసకే క్రిస్మస్ మాటలు కట్టి ఎమ్మిగనూరు కూటంలో పాడించారు. నేను వాయిస్తుంటే జనం చప్పట్లు కొట్టారు.

ఆ సంబరంతోనే ఇంటికొచ్చి నాయన ముందు వాయించాను. ఆ చోటు వచ్చింది. ఆయన చెయ్యి ఆగింది, నా చెయ్యి ఆగలేదు.

"ఆడ నిలబడల్లమ్మా," అన్నాడు. "పిడికిలి నిండితే మీ అమ్మ పత్తి ఒడిలో ఏసుకునేది. చెయ్యి ఖాళీ అయినంకనే మళ్లా ఎత్తుకునేది. ఇప్పుడు దీంట్లో ఆమె లేదు."

కాయలు అట్లాగే వదిలేసి బయటికి పోయాడు.

మళ్లీ ఆగడం నేర్చుకోవడానికి నానా తంటాలు పడ్డాను. వద్దన్నా వేళ్లు ఆ జారుడులోకే పోయేవి. చివరికి దారికొచ్చాయి. అయితే అమ్మ ఎంతసేపు ఆగేదో నా చేతికి గుర్తులేదు. పిడికిట్లోకి ఎంత పత్తి వస్తే అంతసేపు, ఒక్కో చరణానికి ఒక్కోలాగా ఆగి ఉంటుంది. నాయన బతికినన్నాళ్లూ పక్కన కూర్చుని వినేవాడు. "ఇంగ రవ్వంత," అనేవాడు ఒకసారి. "ఎక్కువైపాయె," అనేవాడు ఇంకోసారి. సరిగ్గా ఉందని ఒక్కనాడూ అనలేదు.