కాలిన ఉలులు

డెబ్బై తొమ్మిది వేసవిలో నాకు తిరువళ్ళూరు నుంచి తిరుత్తణికి బదిలీ అయింది. ఊరి శివార్లలో ఉన్న ఒక శిక్షణ కేంద్రంలో వడ్రంగం ఇన్‌స్ట్రక్టరు ఉద్యోగం. మధ్యలో ఫోర్‌మన్ ఎవరూ లేరు, నేను నేరుగా సూపరింటెండెంటుకే జవాబు చెప్పుకోవాలి. మా సెక్షనులో రంపం, ఉలి, చిత్రిక, కొయ్యసుత్తి, అన్నీ చేతి పనిముట్లే. కరెంటుతో తిరిగే సానచక్రం ఒకటి పక్కన ఫిట్టర్ల సెక్షనులో ఉండేది. మావాళ్ళను దాని దగ్గరికి పోనిచ్చేవాణ్ణి కాను.

కారణం ఉంది. ఉలి కొసను ఆ చక్రానికి కాస్త ఎక్కువసేపు ఆనిస్తే ఉక్కు వేడెక్కి నీలం రంగు తిరుగుతుంది. దాన్ని మేం టెంపర్ పోవడం అంటాం. ఆ మేరకు ఉక్కు మెత్తబడిపోతుంది. ఎంత పదును పెట్టినా గట్టి చెక్క మీద మొదటి దెబ్బకే కొస మడత పడుతుంది. అందుకే మా దగ్గర చేతితో తిప్పే సానరాయి మీద, నీళ్ళు పోస్తూ నూరడమే పద్ధతి. కొత్తగా చేరినవాళ్ళకు చెక్క ఇచ్చేముందు ఇదే నేర్పేవాణ్ణి.

ఆ బ్యాచిలో దొరస్వామి అని ఒకతను ఉండేవాడు. నేతపనివాళ్ళ కుటుంబం, పెళ్ళయి బిడ్డ కూడా ఉంది. మగ్గం మీద ఇల్లు గడవక, ట్రేడ్ టెస్టు పాసైతే గుమ్మిడిపూండి ఫ్యాక్టరీల్లో ప్యాకింగు పెట్టెలు చేసే పనైనా దొరుకుతుందని వచ్చాడు. నిదానం మనిషి. అతను తొలిచిన బెజ్జంలో రెండో చెక్క కొస దిగితే మధ్యలో కాగితం కూడా దూరేది కాదు.

టెస్టు సోమవారం. దానికి ముందు శుక్రవారం మద్రాసు నుంచి ఇన్‌స్పెక్షన్. బుధవారం నన్ను టెస్టుకు కావలసిన కలప ఎంచుకురమ్మని తిరువళ్ళూరు పంపారు. మర్నాడు తిరిగొచ్చి చూస్తే, ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్లమీద మా ఉలులన్నీ వెండి గిన్నెల్లా మెరుస్తున్నాయి.

"ఎవరు చేసినారు ఇది?" అని అడిగాను.

దొరస్వామి చెప్పాడు. "సూపరింటెండు సారే నిలబడి చక్రం మీద పట్టించినాడు సార్. తుప్పు మచ్చ ఒగటి కూడా కనపడకూడదన్నాడు. నీలం తిరగతా ఉండాదని చెప్పినాము. ఎమరీ కాగితంతో రుద్దేయండి, పోతాదిలే అన్నాడు."

ఆకురాయి తీసి ఒక ఉలి కొస మీద లాగాను. మంచి ఉక్కు మీద ఆకురాయి జారిపోవాలి. ఇక్కడ సీసంలోకి దిగినట్టు దిగింది. ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాను. అన్నీ అంతే. ఆ ఉలి పట్టుకుని సూపరింటెండెంటు గదికి వెళ్ళాను.

సూపరింటెండెంటు గోవిందరాజులు తెలియక చేసి ఉంటే నాకంత మంట పుట్టేది కాదు. ఆయన ఫిట్టరుగా మొదలుపెట్టి ఆ కుర్చీలోకి వచ్చిన మనిషి.

"టెంపర్ పోయుండాది సార్. సోమవారం మనోళ్ళు దేంతో బెజ్జం కొట్టాల?"

"నాకు తెలీదా ఏందయ్యా? రేపు ఇన్‌స్పెక్షన్ పోనీ. టెస్టు సంగతి తరవాత చూస్తాం."

"కొత్త ఉలులు యాడినించి వస్తాయి సార్?"

"ఇండెంట్ పెట్టు."

ఇండెంట్ అంటే సామాను కావాలని పెట్టే అర్జీ. అది మద్రాసుకు పోయి, సామాను మా చేతికొచ్చేసరికి నెలలు పట్టేదని ఆయనకూ తెలుసు.

శుక్రవారం వచ్చిన అధికారి బల్ల ముందు నిలబడి "రొంబ నల్లా ఇరుక్కు" అని తమిళంలో మెచ్చుకున్నాడు. నేను ఆగలేకపోయాను. ఒక ఉలి తీసి, తుమ్మ చెక్క మీద పెట్టి, కొయ్యసుత్తితో కొట్టి, మడతపడిన కొసను ఆయన ముందుంచాను. టెస్టు ఒక వారం వెనక్కి జరపమని అడిగాను. ఆయన ఉలి వంక చూడనేలేదు. తేదీలు హెడ్డాఫీసులో నిర్ణయించేవని తమిళంలో నాకు చెప్పి, స్టాఫుకు క్రమశిక్షణ లేదేమని సూపరింటెండెంటును అడిగాడు. సాయంత్రానికి నాకు మెమో వచ్చింది.

శని, ఆదివారాలు అందరం సానరాయి చుట్టూ కూర్చున్నాం. ఒకరు తిప్పడం, ఒకరు నీళ్ళు పోయడం, ఒకరు నూరడం. కాలిన భాగమంతా అరిగి, ఆకురాయి జారే ఉక్కు తగిలేదాకా నూరాలి. వెడల్పు ఉలులు పొట్టివైపోయినా పనికొచ్చాయి. సన్న ఉలుల్లో వేడి లోతుకు పాకింది. వాటిలో ఒక్కటే పనికొచ్చింది. బెజ్జం తొలిచేది సన్న ఉలితోనే. పక్కనున్న కనకమ్మసత్రం ఊళ్ళో తెలిసిన వడ్రంగులు తమ ఉలులిస్తామన్నారు. కేంద్రం ముద్ర లేని పనిముట్టు టెస్టులోకి రాకూడదని గోవిందరాజులు వాటిని గేటు దగ్గరే ఆపించాడు. ఆ రూలు మాత్రం ఆయనకు గుర్తుంది.

సోమవారం అందరూ ఆ ఒక్క ఉలి కోసం వంతులు వేసుకున్నారు. దొరస్వామి వంతు చివర్లో వచ్చింది. గంట కొట్టేసరికి అతని బెజ్జం సగంలో ఉంది. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు చెక్కను తిప్పి చూసి, పని బాగుందని, పూర్తి కాలేదు కాబట్టి మార్కులు వేయలేనని చెప్పాడు.

మళ్ళీ టెస్టుకు కూర్చోమని దొరస్వామికి చెప్పాను. "అందాకా యాడ కూచునేది సార్? బిడ్డకు పాలు కావాల. ఇంట్లో మగ్గం ఉండాది, పోతాను" అన్నాడు. నామీద కోపం లేదు ఆ గొంతులో. అతను కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. ఆ తరవాత అతను సెక్షనుకు రాలేదు.

ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో మా సెక్షను పనిముట్ల నిర్వహణ ఆదర్శంగా ఉందని రాశారు. గోవిందరాజులు ఆ ముక్క మీటింగులో చదివి వినిపించాడు. నేను లేచి బయటికి వెళ్ళిపోయాను. దానికీ ఒక మెమో వచ్చింది.

రిటైరయ్యేదాకా మరో రెండు కేంద్రాల్లో పనిచేశాను. ఎక్కడ చేరినా పనిముట్ల బీరువా తాళంచెవి మొదటి రోజే నా పేర రాయించుకున్నాను. టెస్టు ముందు వారంలో ఊరు దాటలేదు. ఇన్‌స్పెక్షన్లకు ఉలులను నూనె మరకలతోనే పెట్టాను, మాటలు పడ్డాను. తెలియనివాడికైతే ఉక్కు సంగతి ఓపిగ్గా నేర్పవచ్చు, ఎందరికో నేర్పాను. తెలిసి పాడుచేసేవాడి విషయంలో చేయగలిగింది ఒక్కటే, వాడి చేతికి పనిముట్టు అందకుండా చూడటం.