మేనేజర్ని నేనుండగా స్విచ్చెందుకన్నాను

ఆ రోజుల్లో అని నేను నోరు తెరిస్తే చాలు, మా ఇంట్లో తలా ఒక పని గుర్తొచ్చి లేచిపోతారు. ముసలిది మళ్ళీ కిరసనాయిలు బుడ్ల కాలానికి పోతుందని వాళ్ళ భయం. నేను చెప్పబోయే ఆ రోజులు అంత పాతవేం కావు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. (నవ్వకండి. మనవరాలు పుట్టాకే చేరాను.) ఉద్యోగానికి కొత్తయితే వయసెంతున్నా మనిషి కుర్రతనంలో ఉన్నట్టే. అన్నీ తనకే తెలుసనిపిస్తుంది, ఎవరే మంచి మాట చెప్పినా తన కిందికి నీళ్ళు తెస్తున్నారనిపిస్తుంది. నాకూ అట్లాగే అనిపించింది. నాలుగో తరగతి మధ్యలో పలక పారేసి పత్తి తీతకు పోయినదాన్ని, నాకొక కుర్చీ, బల్ల, తలమీద ఫ్యానూ వస్తాయని ఎవరనుకున్నారు?

మాది నల్లపాడు అవతల మిరప పొలాల మధ్య మేడ. మా కోడలిది చీరాల వైపు మగ్గాల ఇల్లు. పుట్టింట్లో నేసిన చీరల్ని తెచ్చి, మా మేడ మీద గదిలో పేర్చి, కెమెరా ముందు ఒక్కొక్కటీ విప్పి చూపిస్తూ లైవ్‌లో అమ్మడం మొదలుపెట్టింది. సర్దడానికి ఇద్దరు ఆడపిల్లల్ని పెట్టుకుంది. నేను రోజూ మెట్ల కిందినుంచి, ఫ్యాన్ ఆపండనీ, అట్టపెట్టెలు చింపకండనీ కేకలేస్తుంటే ఒకరోజు కిందికొచ్చి, "అత్తయ్యా, అక్కడినుంచి అరిస్తే గొంతు పాడవుతుంది. పైకొచ్చి కుర్చీలో కూర్చుని తిట్టండి. ఈ ఆఫీసుకి మేనేజర్ మీరే" అంది. ఆ పిల్ల సరదాకే అని ఉండొచ్చు. నేను మర్నాడు పొద్దున్నే తలంటుకుని, పైకెక్కి కూర్చున్నాను.

చేరానే గాని, ఆ వ్యాపారం మీద నాకు నమ్మకం కుదరలేదు. ఆ గదిని అద్దెకడిగేవాళ్ళున్నారు. అందుకని మేనేజర్ హోదాలో ఒక షరతు పెట్టాను. శ్రావణమాసం బేరాలు చూద్దాం, అవి సాగితే సరే, సాగకపోతే గది అద్దెకిచ్చేద్దామని. కోడలు తలూపింది. ఆషాఢమంతా వాళ్ళ నాన్నా, అన్నా నేసిన చీరలు గోడవారన నడుమెత్తున పేర్చి ఉన్నాయి. గది పోతే అవి మళ్ళీ ఏ షావుకారు చెప్పిన ధరకో పోవలసిందే.

మా ఇంటి ఇంటర్నెట్టు పెట్టెకున్నవి నాలుగే కంతలు. తగిలించాల్సినవి చూస్తే లైవ్ పెట్టే కంప్యూటరు, బిల్లులదొకటి, ప్రింటరు, కింద మా ఆయన టీవీ, మిరపకాయలు ఎండేసినప్పుడు దొంగల భయానికి కల్లం చుట్టూ పెట్టించిన కెమెరాలు. (కాయలమ్మి నెలలైనా ఆ కెమెరాలు ఖాళీ కల్లాన్ని, అందులో తిరిగే కాకుల్ని, రేయింబవళ్ళు శ్రద్ధగా తీసి ఎక్కడికో పంపుతూనే ఉండేవి.) ఒకటి పెట్టాలంటే ఇంకొకటి పీకాలి. లైవ్ నడుస్తుండగా మా ఆయన పిల్లిలా పైకొచ్చి ఒక తీగ పీకి ఇంకొకటి పెట్టి పోయేవాడు. కోడలు చీర అంచు పట్టుకుని బొమ్మలా ఆగిపోయేది.

"మావయ్యా! మళ్ళీ పీకారా?"

"రెండే బంతులమ్మా. అయిపోవచ్చింది మ్యాచ్. ఆ రెండు చూసి పెట్టేస్తా."

ఇది ఇట్లా కాదని కోడలు నా బల్ల దగ్గరికొచ్చింది. "అత్తయ్యా, మనకొక స్విచ్చి కావాలి."

"ఉన్న స్విచ్చిలు ఆపేవాళ్ళే లేరు. ఇంకొకటి దేనికి?"

"గోడ స్విచ్చి కాదండీ. ఈ తీగలన్నీ తగిలించుకునే పెట్టె. దాంట్లో మేనేజ్డ్ స్విచ్ అని ఉంటుంది. కొంచెం ధరెక్కువే గానీ మనకదే మంచిది."

మేనేజ్డ్ అన్న మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. మన వైపు మేనేజ్ చేయడమంటే ఏమిటి? కూర చాలకపోతే పులుసు పోసి పదిమందికి సరిపెట్టడం. చుట్టాలొస్తే ఉన్న దుప్పట్లతోనే రాత్రి గడిపేయడం. పెళ్ళయిన నాటినుంచీ ఇంట్లో నేను చేస్తున్న పనదే. ఇప్పుడు ఆఫీసులోనూ మేనేజర్ని నేనేనాయె. నేను కుర్చీలో కూర్చుని ఉండగానే, మేనేజ్ చేసే పెట్టె కొనుక్కొద్దామని నాతోనే అంటుందేమిటీ పిల్ల! "పద, నేనూ వస్తా కొట్టుకి" అన్నాను.

గుంటూరులో ఆ కంప్యూటర్ల కొట్టాయన్ని అందరూ భాయ్ అంటారు, మనిషి మర్యాదస్తుడు. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, "మేనేజ్డ్ చూపించమంటారా, అన్‌మేనేజ్డా అమ్మా?" అన్నాడు.

"తేడా ఏంది నాయనా?"

"మొదటిది మనం చెప్పినట్టు వింటుందమ్మా. రెండోదానికి చెప్పేదేం లేదు. తగిలించడమే, పోతా ఉంటది."

"అంటే దానికి మేనేజరుండడు. అంతేగా?"

భాయ్ నా మొహం, కోడలి మొహం చూశాడు. "అంతే అనుకోండి."

"అయితే ఆ రెండోదే ఇవ్వు. మేనేజర్ని నేనున్నాను."

కోడలు నా మోచెయ్యి గిల్లింది. నేను గిల్లించుకుని ఊరుకున్నాను. తక్కువ ధర పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో మహారాణిలా తిరిగొచ్చాను.

శ్రావణం ముందు ఆదివారం పెద్ద లైవ్ అనుకున్నారు. ఆ పొద్దున అందరికన్నా ముందు నేనే పైకెళ్ళి గది ఊడిపించి, నా కొత్త పెట్టెను గుడ్డతో తుడిచాను. ఒక తీగ కొస పెట్టెలో ఉంది, రెండో కొస ఎటూ పోకుండా నేలమీద పడుంది. పెట్టెలో ఒక కంత ఖాళీగా ఉంది. డబ్బు పెట్టి కొన్న తీగ దుమ్ములో, డబ్బు పెట్టి కొన్న కంత ఖాళీగా! మేనేజరన్నాక చూస్తూ ఎట్లా ఊరుకుంటుంది? ఆ కొస తెచ్చి ఆ కంతలో టక్కున పెట్టాను. పెట్టీ పెట్టగానే పెట్టెనిండా పచ్చదీపాలు ఒక్కసారిగా లేచి టపటపా కొట్టుకోసాగాయి. అంత హుషారు దానికి అంతకుముందెప్పుడూ లేదు. పెట్టెకి పూర్తిగా పని చెప్పానన్న తృప్తితో కిందికొచ్చి కాఫీ తాగాను.

పైన లైవ్ మొదలు కాలేదు. బిల్లుల కంప్యూటరు కదల్లేదు. ప్రింటరు మూలిగి పడుకుంది. కింద టీవీలో చక్రం తిరగడం మొదలుపెట్టింది.

"ఏమేవ్, ఈసారి నేను కాదు! నేనే పీకి ఉంటే నా టీవీ అయినా రావాలిగా!" అని మా ఆయన వరండాలో నిలబడి ఊరందరికీ వినపడేట్టు అరిచాడు. ఆ పెద్దమనిషి నిజం చెబుతున్నా ఎవరూ నమ్మలేదు. కోడలు అన్నీ ఆపి పెట్టింది, మళ్ళీ ఆపి పెట్టింది. మధ్యాహ్నమైపోయింది. ఫోనులో చూద్దామని కూర్చున్న ఆడవాళ్ళంతా వంటలకు లేచిపోయి ఉంటారు. చివరికి ఆ పిల్ల బల్లకింద దూరి, పెట్టెను చేతిలోకి తీసుకుని అడిగింది.

"ఈ తీగ రెండు కొసలూ దీంట్లోనే పెట్టిందెవరు?"

"నేనే. ఊరికే పడుంటేనూ."

కోడలు బల్లకింద నుంచి బయటికొచ్చింది. కసురుకుంటుందేమో, తిరిగి నేనూ నాలుగు అనొచ్చని సిద్ధంగా ఉన్నాను. తను కసరలేదు. "మనం పంపిన కబురు అటు పోయి, మళ్ళీ ఇటే వచ్చి, అందులోనే తిరుగుతూ ఉంటుందత్తయ్యా. ఇంక దేనికీ దారి ఉండదు" అని మెల్లిగా చెప్పి, విప్పిన చీరలు మడతపెడుతూ, "గది అద్దెకిచ్చేద్దాం లెండి" అంది.

నేను కోరిన మాటే. అది నా చేతికొచ్చింది గదా, సంతోషించాలి. కానీ ఆ పిల్ల చీరను మడిచే తీరు చూస్తుంటే, కాన్పు కాగానే బిడ్డను పక్కన పడుకోబెట్టినట్టుంది. "అద్దెల సంగతి మేనేజరు చూసుకుంటుంది. వచ్చే ఆదివారం ఉందిగా. లే, కొట్టు మూసేస్తాడు" అన్నాను.

భాయ్ మమ్మల్ని చూడగానే కుర్చీ వేశాడు. "మేనేజరుండేదే చూపించు నాయనా. కానీ ఊరికే కొనను. దాన్ని నాలుగు అడుగుతా" అన్నాను.

ముందు ఒక పాతసరుకు పెట్టె చూపించాడు. మంచమంత పొడుగు, లెక్కపెట్టలేనన్ని కంతలు, ధర కూడా కలిసొస్తోంది. నాకు నోరూరింది. ఆన్ చేశాడు. కారం మిల్లు పక్కన నిలబడ్డట్టయింది. "లోపల ఫ్యాన్లమ్మా, పెద్ద ఆఫీసుల్లో వేరే గదిలో పెడతారు" అన్నాడు. ఇంట్లో అంత అరిచేదాన్ని నేనొక్కదాన్నుంటే చాలని పక్కన పెట్టించాను. ఇంకొకటి చూపించి, ఇది తీగలోనే కెమెరాలకు కరెంటు కూడా పంపిస్తుందన్నాడు. మా కెమెరాలకు ప్లగ్గులు ముందే ఉన్నాయి, ఉన్నదాన్ని రెండోసారి కొనే వంశం కాదు మాది. చివరికి ఫ్యాన్లూ హంగులూ లేని చిన్న పెట్టె మిగిలింది. మావన్నీ పట్టి, రేపటికి రెండు కంతలు మిగులుతాయి.

"సరే, ఒక్క తీగ రెండు కొసలూ దీంట్లోనే పెడితే ఏం చేస్తుంది?"

"అట్టా ఎవరు పెడతారమ్మా?"

"పెట్టేవాళ్ళుంటారు. నువ్వు చెప్పు."

కోడలు కీబోర్డుల వైపు తిరిగి నిలబడింది. భుజాలు ఊగుతున్నాయి. భాయ్ చెప్పడమెందుకని పెట్టి చూపించాడు. ఒక్క కంత దీపం మొండికేసి ఆగిపోయింది, మిగతావి నిమ్మళంగా వెలుగుతూనే ఉన్నాయి. ముందే ఈ పని చేయమని దానికి చెప్పి పెట్టుకోవాలట. తప్పు చేసిన కంతనే మూసి, ఇల్లంతా నడిపించడం! ఈ విద్య నాకు పెళ్ళినాడు తెలిసి ఉంటే మా ఆడపడుచుతో అన్నేళ్ళు మాటల్లేకుండా పోయేవి కావు.

"మరి చెప్పినట్టు వినడమంటే?"

భాయ్ కాస్త ఆలోచించాడు. "మాది దర్శి అవతలమ్మా. సాగరు కాలవ చివర పొలం. పైవాళ్ళు ఇష్టమొచ్చినట్టు తూములెత్తుకుంటే మాకు బురద కూడా రాదు. కాలవ కాపలాకి లస్కరుండి, ఎవరి తూము ఎంత ఎత్తాలో చూస్తేనే మా మడి తడుస్తుంది. ఇది లస్కరున్న కాలవ. మీరు పట్టుకెళ్ళింది లస్కరు లేనిది. అంతే తేడా."

ఈ ముక్క మొదటిరోజే చెప్పొద్దా! నీళ్ళ వంతుల కోసం కాలవగట్టు మీద చీర బిగించి పోట్లాడినదాన్ని నేను. లస్కరు విలువ నాకొకరు చెప్పాలా? ధర ఎంతో ఇక్కడ రాయను, రాస్తే మళ్ళీ కడుపు మండుతుంది. బేరమాడి, ఒక తీగ ఊరికే వేయించుకుని తెచ్చాం.

ఇంటికొచ్చాక కోడలు కంప్యూటర్లో ఆ పెట్టె లోపలి పేజీ తెరిచింది. "చెప్పండి అత్తయ్యా. కెమెరాలకెంత వదలమంటారు?"

"ఖాళీ కల్లానికేం కావాలి? తడి తగిలితే చాలు."

"మావయ్య టీవీకి?"

నేను మెట్ల వైపు చూసి గొంతు తగ్గించాను. "లైవ్ ఉన్నంతసేపూ పిల్లకాలవ చాలు."

ఆదివారం వచ్చింది. ఆ పిల్ల దేవుడికి దండం పెట్టి కెమెరా ముందు కూర్చుంది. నేను వెనక ముక్కాలిపీట మీద, పెట్టె పక్కన, కళ్ళార్పకుండా. చీర మీద చీర విప్పుతోంది, మాట తెగట్లేదు, బొమ్మ ఆగట్లేదు. కింద నుంచి కేక వచ్చింది.

"ఏమేవ్! బౌలరు మొహం ఇటుకల గోడలా కనపడుతోంది!"

"బంతి కనపడుతోందా?"

"అది కనపడుతోంది!"

"ఇంకేం, చూడండి!"

అంతలో కోడలు తెర మీదికి వంగి ఏదో చదివి, వెనక్కి తిరిగింది. మొహం వెలిగిపోతోంది. "అత్తయ్యా, వెనక కూర్చున్న పెద్దావిడ కట్టుకున్న చీర ఉందా అని అడుగుతున్నారు. ఒక్కసారి లేవండి."

నేను కట్టుకున్నది మిరపపండు రంగు మీద పచ్చ అంచు. పెళ్ళిలో వియ్యపురాలు పెట్టింది. ఎన్ని ఉతుకులైనా చిరగలేదు, చిరగనిదాన్ని మానేయడమెందుకని ఆఫీసుకదే కట్టేదాన్ని. అంతకుముందు లైవుల్లోనూ కట్టాను. బొమ్మ స్పష్టంగా పోతేగా ఎవరికైనా కనపడడానికి! లేచి నిలబడ్డాను. అటూ ఇటూ తిరగమంది, తిరిగాను. ఇంకా అడుగుతున్నారంది. నాకు చిరాకేసి, "చూసింది చాలమ్మా, కావలసినవాళ్ళు చెప్పండి, వంటుంది నాకు" అన్నాను. దానికి అటువైపు ఆడవాళ్ళు ఎంత నవ్వారో తెలియదు గానీ, అదే రంగు చీర నేసి పంపమని ఆ పూటంతా అడుగుతూనే ఉన్నారు. సాయంత్రం కోడలు వాళ్ళ నాన్నకు ఫోను చేసి, "నాన్నా, దీపావళి దాకా మగ్గం దిగే పని లేదు మీకు" అని చెబుతూ ఏడ్చి, నవ్వి, మళ్ళీ ఏడ్చింది. గది అద్దెకడగడానికొచ్చినాయన్ని నేనే గుమ్మంలోంచి పంపేశాను.

ఆనాటి ముక్కను కోడలు ఫోనులో దాచింది. ఎప్పుడన్నా మనసు బాగాలేకపోతే పెట్టమంటాను. మిరపపండు చీరలో ఒకావిడ బిగుసుకుపోయి నిలబడి ఉంటుంది. ఊళ్ళకూళ్ళు తన చీరను చూస్తుంటే, ఆవిడ మాత్రం కెమెరా వైపు చూడదు. మెడ వంచి, కింద మూలనున్న ఆ పెట్టె దీపాల వైపే చూస్తుంటుంది, ఎక్కడ ఆరిపోతాయోనని. ఆరవులేవే పిచ్చిదానా, కొంచెం తలెత్తి నవ్వు అని తెర మీద వేలు పెట్టి చెప్పాలనిపిస్తుంది. వేలు పెడితే బొమ్మ ఆగిపోతుంది, అందుకని చెప్పను.