సాయంత్రం పాలు అప్పువి

మదనపల్లెలో ఉద్యోగం దొరికినప్పుడు మా అమ్మ హాస్టల్ మాటే ఎత్తనివ్వలేదు. పుంగనూరులో పెద్దమ్మ ఉండగా హాస్టలేంటి, ఆ అద్దె మిగులుతుంది కదా అంది. నేను పుట్టి పెరిగింది బెంగళూరు. పెద్దమ్మ ఇల్లు పుంగనూరు ఊళ్ళో కూడా కాదు, చౌడేపల్లె రోడ్డులో ఊరు దాటాక ఉంటుంది. ఫోన్ సిగ్నల్ సరిగ్గా వచ్చేది ఆవుల కొట్టం చివర, నీళ్ళ తొట్టి దగ్గర మాత్రమే. అందుకని వచ్చిన మొదటి వారమంతా నేను రెండు ఆవులతో కలిసి నిలబడే ఉన్నాను.

అలా నిలబడి ఉండగానే ఒక సాయంత్రం టీ అడిగాను. పెద్దమ్మ అప్పుడే పాలు పిండి క్యానులో పోసింది. పాల మీద నురగ ఇంకా అణగలేదు. నాకు మాత్రం అల్లం వేసిన డికాషన్ తెచ్చి చేతికిచ్చింది. పాలు మరిచిపోయిందేమో అనుకుని క్యాను చూపించాను.

"అవి మనవి కాదు పాపా, అప్పువి" అంది.

నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. పెదనాన్న చెప్పాడు. అంతకుముందు ఏడాది వాళ్ళ చేలో మూడో బోరు వేయించారు. మొదటి రెండింటి లాగే అదీ దుమ్ము లేపి ఊరుకుంది. ఆ డబ్బు కోసం పెద్దమ్మ తన మెడలో గొలుసు తీసి మదనపల్లెలో కుదువ పెట్టింది. అది మా అవ్వ గొలుసు. పెద్ద కూతురని పోయేముందు అవ్వే తన చేత్తో ఆమె మెడలో వేసింది. దాన్ని విడిపించడానికి పెద్దమ్మ ఒక పద్ధతి పెట్టుకుంది. పొద్దుటి పాలు ఇంటివి, సాయంత్రం పాలు అప్పువి. పాల కేంద్రంలో కూడా రెండు కార్డులు. పొద్దుటిది పెదనాన్న పేరు మీద, సాయంత్రానిది ఆమె పేరు మీద. పదిహేను రోజులకోసారి ఆమె కార్డు మీద పడిన పాల బిల్లు డబ్బు పడినట్టే కుదువ అప్పుకు పోతుంది. మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు, ఒక్క గ్లాసు కూడా ముంచకూడదు.

చుట్టాలొచ్చినా అంతే. ఒక సాయంత్రం పెదనాన్న వైపు వాళ్ళెవరో వచ్చారు. ఇంట్లో పొద్దుటి పాలు అయిపోయాయి. క్యాను నిండా పాలు ఎదురుగా ఉండగానే నన్ను పక్కింటికి పంపి చెంబెడు పాలు బదులు తెప్పించింది. చుట్టాలు వెళ్ళేదాకా ఎలాగో ఓర్చుకున్నాను. తర్వాత మాత్రం గట్టిగానే అరిచాను. సొంత ఆవులుండి పక్కింట్లో చెంబు పట్టుకుని నిలబడడం నాకు సిగ్గుగా ఉందన్నాను. ఒక్క చెంబుతో గొలుసు ఆగిపోతుందా అన్నాను.

పెద్దమ్మ చెంబు కడుక్కుంటూ, "ఒక్క చెంబే. రేపు ఇంకొక చెంబు. ఆ పైన నాకే ఆశ పుడతాది. పుట్టనీకుండా ఉండాలంటే తాకకుండా ఉండల్ల" అంది. పక్కింటి పాలు పొద్దున్నే తిరిగి ఇచ్చేసింది, చెంబు పైదాకా పోసి.

ఆ ఇంట్లో అందరికీ ఇలాంటివేవో ఉన్నాయి. పెదనాన్నది బస్సు లెక్క. బజారులో ఏదైనా కొనాలనిపిస్తే వెంటనే కొనడు. పుంగనూరు బస్టాండుకు వచ్చి కూర్చుంటాడు. ఒక బస్సును పోనిస్తాడు. అది వెళ్ళాక కూడా మనసు లాగుతూ ఉంటే వెనక్కి వెళ్ళి కొంటాడు. కానీ అప్పటికి ఆకలి వేస్తుంది కాబట్టి చాలాసార్లు రెండో బస్సెక్కి ఇంటికొచ్చేస్తాడు. ఒక టార్చిలైటును ఆయన అలా నెలలకొద్దీ కొనకుండా ఉన్నాడు. అంగడాయన ఆయన్ను చూడగానే దాన్ని తుడవడం మొదలుపెట్టేవాడట.

మదనపల్లె మార్కెట్టులో టమాటా ధర పడిపోయి రైతులు రోడ్డు పక్కన పారబోసే రోజుల్లో పెద్దమ్మ మిద్దె మీద చీర పరిచి, టమాటాలు కోసి ఉప్పు చల్లి ఎండబెట్టేది. ధర మండిపోయే నెలల్లో మా పులుసులోకి ఆ ఒరుగులే. నేను నవ్వేదాన్ని. తర్వాత ఒకరోజు నా ఫోన్లో కొనడానికి పెట్టుకున్న వస్తువులన్నిటినీ కొనకుండా అలాగే వదిలేసి పడుకున్నాను. పొద్దున్నే చూస్తే సగం వస్తువులు ఎందుకు పెట్టుకున్నానో కూడా గుర్తు రాలేదు. ఈ సంగతి పెదనాన్నకు చెబితే, "చూసినావా, నీది పడుకునే బస్సు" అన్నాడు.

అంతా సాఫీగా జరిగిపోతే శ్రావణం లోపల గొలుసు వచ్చేసేది. కుప్పంలో మా మామ, అంటే పెద్దమ్మకు తమ్ముడు, కొత్త ఇల్లు కట్టాడు. గృహప్రవేశం శ్రావణంలో అన్నారు. పెద్దమ్మ లెక్క దానికి సరిగ్గా సరిపోయింది. గొలుసు వేసుకుని తమ్ముడి కొత్త గడప తొక్కాలని ఆమె కోరిక. గొలుసు కుదువలో ఉందని మామకు తెలియదు, మా అమ్మకూ తెలియదు. మూడో బోరు వేయొద్దని మామ ముందే చెప్పి ఉన్నాడు. తెలిస్తే ఒక మాట అంటాడు, అది ఫర్వాలేదు. కానీ మాట అని ఊరుకోడు, ఎక్కడైనా అప్పు తెచ్చయినా కట్టేస్తాడు. ఇల్లు కట్టి ఆయనే పీకల్దాకా ఉన్నాడు. పెద్దమ్మ భయం అది.

అయ్యవారు ముహూర్తం మార్చాడు. ఆషాఢం రాకముందే చేసేయమన్నాడు. ఫోన్ చేసి మామ సంబరంగా చెబుతుంటే పెద్దమ్మ "మంచిదేరా, మంచిదేరా" అంటూనే గోడకు ఆనుకుని నిలబడింది. మూడు పాల బిల్లులు తక్కువ పడతాయి.

నా దగ్గర జీతం ఉంది. ఫోన్ తీసి ఎంత కావాలో చెప్పు, ఈ క్షణమే పంపిస్తానన్నాను. ఆమె వద్దంది. ఎందుకు వద్దో చెప్పమని నేను గొంతు పెంచాను. నేను పరాయిదాన్నా అన్నాను. అలాంటి మాటలన్నీ అన్నాను. ఆమె నన్ను అరవనిచ్చి, చివర్లో మెల్లగా చెప్పింది.

"నీ దుడ్లు తెచ్చి కడితే అప్పు సావదు పాపా, పేరు మార్చుకుంటాది. ఈ పొద్దు బ్యాంకుది, రేపు నీది. నాకు తెచ్చిన దుడ్లు వద్దు. ఆపిన దుడ్లయితే ఇయ్యి."

ఆపిన దుడ్లు అంటే ఖర్చు పెట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని మిగిల్చినవి. అలాంటివి ఎవరివైనా ఆ ఇంట్లో చెల్లుతాయి. పెదనాన్న వక్కాకు ఆపినవి, ఆమె చీర ఆపినవి ఇదివరకే అందులో ఉన్నాయి. అలా నేనూ మొదలుపెట్టాను. ఆఫీసు పక్క బేకరీలో రోజూ తినే ఎగ్ పఫ్ ఆపాను, కోల్డ్ కాఫీ ఆపాను. బస్టాండు నుంచి ఆఫీసుకు ఆటో ఆపి నడిచాను. మూడు సినిమా యాప్‌లకు నెలనెలా కడుతున్నానని అప్పుడే తెలిసింది, రెండు తీసేశాను. ఆపిన డబ్బు ఆ సాయంత్రమే ఫోన్లో పెద్దమ్మ ఖాతాకు పంపేదాన్ని. ఆమె పొదుగు కింద కూర్చుని, ఆవు పక్క నుంచి తల తిప్పకుండానే అడిగేది, ఈ పొద్దు ఏమాపినావు అని.

ఒకరోజు ఆఫీసులో మేనేజరుతో గొడవ పడి, ఆ కోపంలో బిర్యానీ తిని వచ్చాను. ఈ పొద్దు ఏమీ ఆపలేదని ఎదురు చెప్పినట్టే చెప్పాను.

"పోనీలే. కడుపు కూడా అప్పిచ్చిందే గదా, దానికీ కట్టల్ల" అంది.

అయినా రోజులు దగ్గర పడుతున్నాయి, పఫ్‌లతో అయ్యే పని కాదు. నాకు ఓపిక తక్కువ. ఒక సాయంత్రం పెద్ద మొత్తమే పంపించి, బూట్లు కొందామనుకుని ఆపేశానని చెప్పాను. పెద్దమ్మ పాలు పిండడం ఆపింది.

"ఏ బూట్లు?"

ఫోన్లో బొమ్మ చూపించాను. ఆమె పాల చేత్తో తాకకుండా వంగి చూసింది.

"ఇవి నువ్వు కొనేదానివేనా?"

"అవును."

"పరిగెత్తేటోళ్ళు ఏసుకునేవి గదమే ఇవి. తొట్టికాడి నుంచి వాకిట్లోకి రావాలంటేనే నీకు బద్ధకం." మళ్ళీ పొదుగు అందుకుంది. "కొననే కొననివి ఆపితే దుడ్లొస్తాయా? అట్లయితే ఈ పొద్దు నేను ఏనుగును ఆపినా. రాసుకో."

అరుగు మీద పెదనాన్నకు నవ్వాపుకోలేక పొలమారింది. నేను మాత్రం అన్నం తినకుండా అలిగాను. మర్నాడు పొద్దున నా బ్యాగులో ఆ మొత్తం నోట్లుగా ఉంది, టిఫిన్ డబ్బా కింద మడిచి. డబ్బాలో నాకిష్టమైన ఒరుగుల పచ్చడి. కోపంగా ఉందామంటే కుదరలేదు.

గొలుసు లేకుండానే కుప్పం వెళ్ళాం. అమ్మ జ్వరంతో బెంగళూరు నుంచి రాలేకపోయింది. పెద్దమ్మ మెడలో పసుపుతాడు ఒక్కటే. బస్సులో పెద్దమ్మ నాకు పాఠం చెప్పింది. ఎవరైనా అడిగితే కొక్కెం విరిగింది, నగలు చేసే ఆచారికి ఇచ్చామని చెప్పాలి. నేను, పెదనాన్న బుద్ధిగా తలూపాం.

కొత్త ఇంట్లో సున్నం వాసన, పొగ, జనం. పొయ్యి మీద పాలు పొంగే వేళకు ఇంటి ఆడబిడ్డ కాబట్టి పెద్దమ్మను ముందు నిలబెట్టారు. పాలు పొంగాయి. పక్కనే ఉన్న మామ చూపు అక్క మెడ మీద పడింది.

"అమ్మ గొలుసు యాడక్కా?"

నేను కొక్కెం సంగతి చెప్పబోయాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. పొంగుతున్న పాల వైపు ఒకసారి చూసింది, తర్వాత తమ్ముడి వైపు.

"మదనపల్లెలో కుదువలో ఉండాది. బోరు కోసరం పెట్టినా. నా ఆవులు తీసుకొస్తాండాయి, ఇంకా మూడు బిల్లులు."

మామ ముఖం వాడిపోయింది. పూజ అయ్యాక మమ్మల్ని లోపలి గదిలోకి పిలిచాడు, అక్కడ ఇంకా టైల్స్ పెట్టెలు ఉన్నాయి. బోరు వద్దని చెప్పాను కదా అన్నాడు. చెప్పావు, వినుంటే బాగుండేదని ఆమె ఒప్పుకుంది. అంతలోనే ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. ఎంతో చెప్పు, మా అమ్మ గొలుసు ఇంకొక దినం ఆడ ఉండేదానికి లేదన్నాడు. పెద్దమ్మ వద్దంటోంది. ఆయన వినడం లేదు. ఆమె గొంతు బలహీనపడుతోంది. తమ్ముడి కన్నీళ్ళ ముందు ఆమె పద్ధతి ఏదీ నిలబడేలా లేదని నాకు తెలిసిపోయింది. నాకు కోపం వచ్చింది. ఆయన చేతిలో ఫోన్ లాక్కున్నాను.

"మామా, ఈ టైల్స్ వాళ్ళకు నువ్వు డబ్బులిచ్చావా?"

ఆయన టైల్స్ పెట్టెల వైపు చూశాడు.

"మేస్త్రీకి? కరెంటు పని చేసినాయనకు? మరి ఇది ఎక్కడి నుంచి తెచ్చి కడతావు? నేను కడతానంటేనే ఒప్పుకోలేదు, బూట్లు ఆపానని అబద్ధం చెబితే ఏనుగుతో కొట్టింది నన్ను. ఏడాదిగా ఈమె సాయంత్రం టీలో పాల చుక్క వేసుకోలేదు. ఇప్పుడు నువ్వొచ్చి ఒక్క నొక్కు నొక్కితే, అదంతా ఏమైపోవాలి?"

గది బయట ఎవరో భోజనాలకు పిలుస్తున్నారు. పెద్దవాళ్ళతో మాట్లాడే తీరు కాదది, నాకూ తెలుసు. మామ ఏనుగు ఏంటని అడిగాడు. పెదనాన్న చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయనకు మళ్ళీ నవ్వొచ్చింది. మామ కళ్ళు తుడుచుకుని ఫోన్ కోసం చెయ్యి చాపాడు. ఇచ్చాను. దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

"సరే. విడిపించే దినం మాత్రం నాకు చెప్పక్కా. నేను ఏమీ ఇయ్యను. ఊరికే వచ్చి నిలబడతా."

ఆషాఢం, ఆ పైన కొన్ని రోజులు. చివరి బిల్లు పడిన మర్నాడు మేము మదనపల్లె చేరేసరికి మామ అప్పటికే గొలుసు కుదువ పెట్టిన బ్యాంకు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కుప్పంలో తెల్లవారి మొదటి బస్సెక్కి, పలమనేరులో మారి వచ్చాడట. చెప్పినట్టే ఏమీ తేలేదు. లోపల పెద్దమ్మ సంతకాలు పెడుతుంటే చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు. గొలుసు తూచి చేతికిచ్చినప్పుడు ఆమె దాన్ని కొంగులో ముడి వేయబోయింది. మామ ఒప్పుకోలేదు. బయట మెట్ల మీదే వేసుకోమన్నాడు. పెదనాన్న వేళ్ళకు కొక్కెం చిక్కలేదు. పట్టుపురుగులు పెంచే చేతులు మామవి. ఆయనకు వెంటనే పడింది. పడ్డాక కూడా కాసేపు గొలుసును మెడ మీద సరిచేస్తూనే ఉన్నాడు.

నేను ఫొటో తీశాను. పెద్దమ్మ దాన్ని అప్పటికప్పుడే మా అమ్మకు పంపించమంది. పంపిన నిమిషానికే బెంగళూరు నుంచి ఫోన్. ఉన్నట్టుండి గొలుసు ఫొటో ఏంటి, అక్కకు ఏమైందని అమ్మ కంగారు. నేనేదో చెప్పబోయేంతలో పెద్దమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. రోడ్డు మీద లారీలు పోతుంటే వాటికంటే పెద్ద గొంతుతో మొదలుపెట్టింది.

"ఏమీ కాలేదే నాకు. మొదట్నుంచి చెబుతా, విను. పోయినేడు మేము బోరు ఏయించినాము గదా..."