రెండు పొద్దుల ఫొటో

పోయిన నెల నరసరావుపేట బస్టాండు పక్కన నూడుల్స్ బండి దగ్గర నిలబడి ఉన్నాం. బండివాడు వెనిగర్ సీసా మూత తీశాడు. ఆ పుల్లటి ఘాటు ముక్కుకు తగలగానే బండి అంచు పట్టుకున్నాను. పక్కనున్న మా అమ్మాయి "ఏంది నాన్నా, కళ్ళు తిరుగుతున్నాయా?" అని భుజం పట్టుకుంది. కళ్ళు తిరగలేదు. ఇరవై నాలుగేళ్ల కిందట గురజాలలో ఒక చీకటి గదిలో, ఎర్ర బల్బు కింద, తెల్ల కాగితం మీద ఒక ముఖం తేలుతూ ఉంటే నేను అంకెలు లెక్కపెట్టిన రోజు గుర్తొచ్చింది. ఆ గదిలో ఇదే వాసన. ఫొటో కాగితం మీద బొమ్మ వచ్చాక, అది ఇంకా నల్లబడిపోకుండా ముంచే పళ్ళెంలో ఉండేది ఈ పులుపే, కాకపోతే ఇంతకంటే ఘాటైనది.

ఆ గది చెన్నకేశవులుగారిది. గురజాలలో ఆయనకు చిన్న ఫొటో స్టూడియో ఉండేది. ముందు గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, ఉత్తరం వైపు పెద్ద కిటికీ. వెనక చీకటి గది. నేనప్పుడు నాపరాళ్ల క్వారీలో కొలతలు రాసేవాణ్ణి. పదో తరగతి లెక్కల్లో తప్పినవాణ్ణి. ఆ తరవాత లెక్కలన్నీ బండల దగ్గరే నేర్చుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో పాస్‌పోర్టు సైజు ఫొటో కోసం ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఆయన కెమెరా సవరిస్తుంటే దాని మీది అంకెలు నాకు కనిపించాయి: 2, 2.8, 4, 5.6, 8, 11, 16. ఊరుకోలేక అడిగాను, పదకొండు దగ్గర తప్పు పడింది కదా అని.

ఆయన కెమెరా వెనకనించి తల బయటపెట్టాడు. "ఇది విదేశీ కంపెనీ కెమెరా. దాంట్లో నువ్వు తప్పు పట్టావా?"

రెండడుగుల చదరపు బండకు మూల నుంచి మూలకు కొలిస్తే రెండు పాయింట్ ఎనిమిది వస్తుందని, నాలుగడుగుల బండకు అయిదు పాయింట్ ఆరు చిల్లర వస్తుందని, ఎనిమిదడుగుల బండకు పదకొండుంపావు దాటుతుందని, వీళ్ళు చిల్లర వదిలేశారని చెప్పాను. ఆయన కెమెరా తనవైపు తిప్పుకుని ఆ అంకెలు మళ్లీ చదివాడు. ముప్పై ఏళ్లుగా ఆ అంకెలు తిప్పుతున్నాడట, అవి ఎక్కడినుంచి వచ్చాయో ఆయనకు ఎవరూ చెప్పలేదట. తనకు తెలిసింది ఆయన చెప్పాడు. ఒక్కో అంకె దాటేకొద్దీ లోపలికి వచ్చే వెలుగు సగమవుతుంది. ఎంత తెరిచాం, ఎంతసేపు తెరిచాం, ఫొటో అంటే ఈ రెండే. ఆ రెండూ కుదిరాక మిగిలేది ఒకటే: వెలుగు ఎటునుంచి వస్తోందో చూసుకోవడం.

ఫొటో తీయడం అయ్యాక ఎవరబ్బాయివని అడిగాడు. మా ఊరు చెప్పి, మా అమ్మ అంకమ్మ పేరు చెప్పాను. ఆయన చేతిలో కెమెరా మూత కింద పడింది. వంగి తీసుకుని చాలాసేపు తుడిచాడు. "మీ అమ్మ నన్ను అన్నా అంటదిలే. నువ్వు మావా అను" అన్నాడు. మా అమ్మకు ఆయన ఎలా తెలుసో నేను అడగలేదు. పల్నాట వరసలు కలపడానికి కారణం అక్కర్లేదు.

అప్పటినుంచి ఆదివారాలు ఆయన దగ్గరికి పోయేవాణ్ణి. ఆయన దగ్గర అట్ట ఊడిపోయిన ఒక ఇంగ్లీషు పుస్తకం ఉండేది, ఫొటోగ్రఫీని నిలబెట్టినవాళ్ల గురించి. వాళ్ల పేర్లకు ఆయన నోరు తిరిగేది కాదు. అందుకని చేసిన పనిని బట్టి పేర్లు పెట్టుకున్నాడు. ఒకాయన రద్దీ వీధిని ఫొటో తీస్తే, బండ్లూ మనుషులూ కదిలిపోయి ఒక్కరూ పడలేదట. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ మనిషి ఒక్కడే పడ్డాడట. ఆయన 'బూట్లాయన'. ఇంకొకాయన, నీటి గుంట దూకే మనిషి మడమ నీళ్లకు తగిలేలోపు మీట నొక్కాడు. ఆయన 'మడమాయన'. కరువులో గుడారం కింద పిల్లల్ని వేసుకుని కూర్చున్న తల్లి ముఖాన్ని తీసిన ఆవిడ 'గుడారమ్మ'. "గుడారమ్మ ఉంటే మన పత్తి కూలోళ్లని తీసేది" అనేవాడు, పక్క వీధిలో మనిషి గురించి చెప్పినట్టు.

వాళ్లందరికంటే ముందువాడు 'కిటికీ ఆయన'. మందు పూసిన రేకును కిటికీ దగ్గర పెట్టి ఎనిమిది గంటలు వదిలేశాడట. ఆ మసక బొమ్మను చూసి ఇందులో లెక్క తప్పిందన్నాను. ఎదురెదురు గోడలు రెండిటి మీదా ఎండ ఉంది. ఒకే సూర్యుడు రెండు గోడల మీద ఎలా పడతాడు?

మావయ్య నవ్వాడు. "పొద్దున ఈ గోడ మీద. సాయంత్రం ఆ గోడ మీద. రోజంతా అందులోనే ఉండాది. ఫొటోలో రెండు పక్కల నించి వెలుగు కనపడితే, అందులో రెండు పొద్దులు ఉన్నాయన్నమాట. గుర్తుపెట్టుకో లెక్కలాయనా."

గుర్తుపెట్టుకున్నాను. అది నా ఇంటికే వస్తుందని అప్పుడు తెలియదు.

ఆయన సన్నటి కుంచెతో ఫొటోలకు మెరుగులు దిద్దేవాడు. మచ్చ తీసేవాడు, కాగితం మీది గీత కప్పేవాడు. కానీ అక్కడ ఒక హద్దు ఉండేది. ఒకరోజు దుర్గి వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. వాళ్ల నాన్న చనిపోయాడు. బతికుండగా ఫొటో లేదు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి ఎవరిచేతో ఫొటో తీయించాడు. దానికి కళ్ళు తెరిచినట్టు గీసి, పటం కట్టి ఇవ్వాలి. మా వైపు అది కొత్తేమీ కాదు. ఎన్నో ఇళ్ల గోడల మీద పటాలు అట్లా వచ్చినవే. పెద్దకర్మ రోజుకు కళ్ళు మూసుకున్న పటం పెట్టడానికి ఎవరికీ మనసు ఒప్పదు. మావయ్య మాత్రం ఫొటో తిరిగి ఇచ్చేశాడు. రైతుకు కోపం వచ్చింది. ముందు నువ్వు చేసేవాడివట కదా, మేమేం పాపం చేశామని నిలదీశాడు.

"చేసేవాణ్ణి. మానేశా" అన్నాడు మావయ్య. రైతు వెళ్లిపోయాక నాతో, "వెలుగు ఇవ్వంది గీయమాక" అని ఒక్క మాట అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ వానాకాలం మా ఇంట్లో నాన్న ఫొటోకు బూజు పట్టింది. నేను పదకొండు నెలల వాణ్ణిగా ఉన్నప్పుడు నాన్న క్వారీలో రాయి జారి చనిపోయాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు. ఆయన గురించి నాకున్నది ఆ ఒక్క పటమే. మీసం, నూనె రాసి దువ్విన తల, తిన్నగా నా వైపే చూసే పెద్ద కళ్ళు. చిన్నప్పుడు పరీక్ష తప్పినా, దెబ్బలు తిన్నా ఆ కళ్ళ ముందు నిలబడి చెప్పుకునేవాణ్ణి. గదిలో ఏ మూలకు పోయినా నన్నే చూసేవి. పటం పాడవకముందే కాపీ తీయమని మావయ్యను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఏదో ఒకటి చెప్పి దాటేశాడు. ఒకసారి కాగితం లేదన్నాడు, ఒకసారి మందు పాతబడిందన్నాడు. మూడోసారి, "బాగానే ఉందిగా, ఉండనీ" అన్నాడు. ఆయన పటాన్ని చూడనే లేదు. బాగానే ఉందని ఎలా తెలుసు అన్న ప్రశ్న నాకు ఆలస్యంగా వచ్చింది.

తరవాతి ఆదివారం ఆయన ముఖాల పాఠం చెప్పాడు. ఏ ముఖం ఫొటో అయినా ముందు కంట్లో తెల్ల చుక్క చూడాలి. ఆ చుక్కే కిటికీ, లేదా ఆకాశం. చుక్క ఎటు ఉంటే వెలుగు అటునుంచి వచ్చినట్టు. ముక్కు నీడ దానికి ఎదురువైపు పడాలి. ఇంకో మాట కూడా చెప్పాడు. పెద్దవాళ్ల ముఖం వెడల్పు సుమారు అయిదు కళ్ళంత ఉంటుంది, పసిపిల్లలది నాలుగంతే. అలవాటు కొద్దీ నా కొలతల పుస్తకంలో రాసుకున్నాను.

ఇంటికొచ్చి నాన్న పటం దించి వాకిట్లో వెలుగులో పెట్టాను. ముక్కు నీడ నాకు కుడివైపు పడింది. అంటే వెలుగు ఎడమనుంచి. కళ్ళలో చుక్కలు మాత్రం కుడివైపు ఉన్నాయి. నేనే తప్పు చూశాననుకుని స్కేలు తెచ్చాను. ముఖం అరవై మిల్లీమీటర్లు. కన్ను పద్నాలుగున్నర. భాగిస్తే నాలుగు చిల్లర వచ్చింది. మూడుసార్లు కొలిచాను. ఆ స్కేలుతో వేల బండలు కొలిచాను, ఎప్పుడూ తప్పలేదు. 

అమ్మ పక్కనే మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఈ ఫొటో ఎప్పుడు తీసిందని అడిగాను.

"పోయినాకే" అంది, తల ఎత్తకుండా. "క్వారీ నించి తెచ్చినాక. బతికుండగా ఎవరు తీశారు?"

"మరి కళ్ళు?"

"కేశవులన్న గీశాడు."

ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదంటే, "నువ్వడిగితేగా. ఊళ్ళో లెక్కలన్నీ నీకే తెలుసాయె" అని దెప్పింది. ఆమెకు అది రహస్యం కాదు. ఊరందరికీ తెలిసిన సంగతే కనుక నాకూ తెలుసనుకుంది.  నాన్న కళ్ళు ఇట్లాగే ఉండేవా అని అడిగాను.

అమ్మ చేతులు ఆగిపోయాయి. కారం అంటిన వేళ్లను మోకాళ్ల మీద విడిగా పెట్టుకుని పటం వైపు చూసింది. "ఉండేయనే అనుకుంటన్నారా. ఇది గోడకెక్కినాక నాకు ఇయ్యే గుర్తు. అంతకు ముందరియ్యి ఎంత తలుచుకున్నా రావట్లా."

మర్నాడు క్వారీకి పోలేదు. పటం చంకన పెట్టుకుని గురజాల వెళ్లాను. స్టూడియో తలుపు తీస్తున్న మావయ్య దాన్ని చూసి తాళం అలాగే వదిలేశాడు. లోపలికి పోయాక నేను చుక్క గురించి, అయిదు కళ్ళ లెక్క గురించి చెప్పాను. ఆయన కాదనలేదు. పెద్దకర్మలోపు ఫొటో కావాలని అమ్మ నన్ను చంకనేసుకుని వచ్చిందట. ఆయన కళ్ళెట్లా ఉండేవమ్మా అని అడిగితే, చెప్పలేక నన్ను ఎత్తి చూపించిందట.

"ఈడి కళ్ళేనన్నా అంది. నిన్ను ఈ కిటికీ కాడ కూర్చోబెట్టి, చేతికి డబ్బా మూతిచ్చి గీశా. నీ కంట్లో చుక్క ఎటుంటే అటే పెట్టా."

నాన్న ముఖం మీద వెలుగుకు తగినట్టు మార్చి ఉండొచ్చు కదా అన్నాను.

"మార్చొచ్చు. అప్పటికే తప్పు చేత్తన్నా. అందులో ఇంకో అబద్ధం కలపటానికి చెయ్యి రాలా." కిటికీ రెక్క తీస్తూ, "అదే ఆఖరు. ఆ తరవాత ఎవరికీ గీయలా" అన్నాడు.

నాన్నకు నా కళ్ళు వచ్చాయి. ఇరవై ఎనిమిదేళ్లు నేను నా ముందే నిలబడి చెప్పుకున్నాను. నాకు ఆయన మీద కోపం రావలసింది. రాలేదు. ఒంట్లో దేనికీ చోటు లేనట్టు ఉంది.

మావయ్య బీరువాలోంచి ఒక కాగితం కవరు తీశాడు. గీయకముందు, ఆరోజు ఆయనే తీసిన నెగెటివ్ అందులో ఉంది. "చూత్తావా? చూసినాక చూడనట్టు ఉండలేవు. ఆలోచించుకో."

చీకటి గదిలోకి వెళ్లాం. నెగెటివ్ లోంచి కాగితం మీద వెలుగు వేసి, మందు పళ్ళెంలోకి జార్చి, లెక్కపెట్టమన్నాడు. ఒకటి నుంచి మొదలుపెట్టాను. ఇరవై దగ్గర జుట్టు వచ్చింది. ముప్పై అయిదు దగ్గర మీసం. యాభైకి ముక్కు నీడ. కనురెప్పల గీతలు రెండు నల్లబడ్డాయి. డెబ్భై, ఎనభై, తొంభై. నేను ఆ కళ్ళు తెరుచుకుంటాయని ఎదురుచూస్తున్నానని నాకు తొంభై దగ్గర తెలిసింది. నూట ఇరవై అయింది. తెరుచుకోలేదు. మావయ్య కాగితాన్ని పులుపు పళ్ళెంలో ముంచాడు.

బొమ్మను నిలిపే మందులోనూ ముంచి తెల్ల లైటు వేశాక చూస్తే రెప్పల వెంట్రుకల మీద సన్నటి తెల్ల చుక్కలు ఉన్నాయి. నెగెటివ్ మీద దుమ్ము పడిందన్నాను; దుమ్ము పడితే అట్లాగే తెల్లచుక్కలు వస్తాయి, ఆయన నేర్పిందే.

"దుమ్మయితే గోడ మీదా పడాలిగా, చొక్కా మీదా పడాలిగా" అన్నాడు. "అది రాయి పొడి. మొఖం కడిగారుగానీ రెప్పలు తుడవలా."

 చేతనైంది అదొక్కటే కాబట్టి, ఆ చుక్కలు లెక్కపెట్టాను. ఎడమ రెప్ప మీద పదకొండు. కుడి రెప్ప మీద ఏడు. వెలుగు ఎడమనుంచి వచ్చింది. అటువైపువే ఎక్కువ మెరిశాయి. ముక్కు నీడతో సరిపోయింది. ఆ ముఖంలో ఒక్కటే పొద్దు ఉంది.

మావయ్య ఆ తరవాత నాలుగేళ్లే బతికాడు. మేము ఆ సంగతి మళ్లీ మాట్లాడుకోలేదు. పటాన్ని నేను తిరిగి గోడకు తగిలించాను. అమ్మకు మిగిలిన కళ్ళు అవే, తీసే హక్కు నాకు లేదు. ఆరేళ్ల కిందట ఆమె పోయేవరకూ వాటికే దండం పెట్టుకుంది. రెండో ఫొటో నా కొలతల పుస్తకంలోనే ఉంది. పుస్తకాలు మారినప్పుడల్లా అదీ మారింది. ఎవరికీ చూపించలేదు.

నూడుల్స్ బండి దగ్గరనుంచి ఇంటికి వచ్చాక మా అమ్మాయికి చూపించాను. జరిగిందంతా చెప్పాను. ఆమె ఆ ఫొటోను రెండు చేతులతో పట్టుకుని చూసింది. తరవాత తల ఎత్తి నా కళ్ళలోకి చూసింది.

"మరి తాతయ్య కళ్ళు ఎట్టా ఉండేయి నాన్నా?"

నా కళ్ళలాగేనమ్మా, అనే మాట నోటిదాకా వచ్చింది. ఆ మాట అనడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. 'ఈడి కళ్ళేనన్నా' అని మా అమ్మ ఎందుకు అందో కూడా తెలిసింది. ఉత్తరం కిటికీ, కుంచె పట్టుకున్న ఒక చెయ్యి గుర్తొచ్చాయి.

"తెలియదమ్మా" అన్నాను.