ఆ మధ్యాహ్నం మొద్దుబారిన నా ఎడమకాలు

దెయ్యం పట్టిందంటూ మనిషిని వేపమండలతో కొడుతుంటే, ఆ మండలు లాక్కుని పొయ్యిలో పెట్టినవాణ్ణి నేను. ఐదో తరగతితో బడి మానేసినా గ్రంథాలయంలో దొరికిన పుస్తకమల్లా చదివాను. కారణం లేకుండా ఏదీ జరగదని డెబ్బై రెండేళ్లొచ్చినా వాదిస్తూనే ఉన్నాను. ఆ నోటితోనే ఇది చెప్పవలసి వస్తోంది.

మాది జహీరాబాద్ దగ్గర ఝరాసంగం. నా భార్య లచ్చమ్మకు నడుము పూస జారి నరం నొక్కుకుంది. రెండేళ్లు నరకం చూసింది. పూసలను స్క్రూలతో కలిపే ఆపరేషన్ జహీరాబాద్‌లోనే చేస్తామన్నారు, పొద్దున చేసి సాయంత్రం ఇంటికి పంపుతామన్నారు.

"నడుమనుకున్నవా, సొరకాయ అనుకున్నవా అన్నా? కోసుడు, పంపుడు" అని నా తమ్ముడు వెక్కిరించాడు. నాకు ఒళ్లు మండింది. చదవకుండా వెక్కిరించేవాళ్లంటే నాకు పడదు. గుండె, షుగర్ అన్నీ పరీక్షించి, ఇంట్లో తోడెవరు, ఇల్లెంత దూరం అని అడిగాకే డాక్టర్ ఒప్పుకున్నాడు. కోత చిన్నది. మనిషి నడవాలి, కాళ్లలో తిమ్మిరి ఉండకూడదు, మూత్రం రావాలి. అప్పుడే వదులుతారు. ఇంతకంటే జాగ్రత్త ఏముంటుంది?

ఎండాకాలం, ఆదివారం. ఆపరేషన్ పదిన్నరకల్లా అయిపోయింది. రెండింటికి నర్సు కాళ్లు కదిపించి చూస్తే బాగానే కదిలాయి. మూడింటికి లచ్చమ్మ వాకర్ పట్టుకుని బాత్‌రూంకు నడిచింది. నర్సు తలుపు బయట నిలబడి, "ఒంటికి వచ్చిందా అమ్మా? తిమ్మిరేం లేదు గదా?" అంది.

"అంత మంచిగనే ఉంది బిడ్డా" అని లోపలి నుంచి జవాబు.

కారు మాట్లాడటానికి నేను వాకిట్లోకి వచ్చాను. డ్రైవర్ నా కాళ్ల వైపు చూశాడు. "కాకా, ఒక చెప్పు ఏడవోయింది? కాలు కాలుతలేదా?"

ఎడమ చెప్పు మెట్ల దగ్గరే జారిపోయి ఉంది. నిప్పులాంటి సిమెంటు మీద నలభై అడుగులు నడిచాను, నాకు తెలియనే లేదు. అరికాలు గిల్లితే కర్రను గిల్లినట్టుంది. అంతలో పొత్తికడుపు బిగుసుకుంది. బాత్‌రూంకు వెళ్తే చుక్క రాలేదు. నా జన్మలో అలాంటిది ఎరగను.

అక్కడ నిలబడి ఉండగానే తట్టింది. నర్సు లచ్చమ్మను అడిగిన రెండు సంగతులూ ఇవే.

కుంటుకుంటూ లోపలికి వెళ్లాను. "నిజం చెప్పు. నీకు ఒంటికి వచ్చిందా?"

ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. "రాలే. ఉత్తగ నల్లా ఇప్పిన. ఎడమకాలు గూడ మొద్దువారింది. ఇయ్యాల పోకపోతే రేపు అమాస, ఎల్లుండి మంగళారం. అన్ని రోజులు ఈడ్నే ఉండాల్నా? ఇంటికి పోతే అదే సర్దుకుంటదనుకున్న."

"అమాసకు కాలు ఇచ్చేటట్టున్నవు గదనే" అన్నాను. నర్సు అప్పటికే ఫోన్ ఎత్తింది.

స్కానింగులు తీశారు. కోసిన చోట రక్తం గడ్డకట్టి నరాలను నొక్కుతోంది. ఆపరేషన్ చేయడానికి పట్నం నుంచి వచ్చిన డాక్టర్ ఇంకా వెళ్లలేదు. వెంటనే మళ్లీ ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లారు.

నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. ఐదుంబావుకు నా అరికాలు భగ్గున మండింది. తిప్పి చూస్తే రెండు బొబ్బలు. ఇంకో ఐదు నిమిషాలకు నర్సు తలుపు తీసి, గడ్డ ఇప్పుడే తీసేశారని చెప్పింది.

"ఇంటికి పోయి తెల్లారి వచ్చి ఉంటే కాలు దక్కేది కాదు పెద్దాయనా" అన్నాడు డాక్టర్. పొద్దున చేసి సాయంత్రం పంపే పద్ధతిలో తప్పేం లేదు. అబద్ధం మాది.

ఆయనకు నా బొబ్బలు చూపించి, కాలు మొద్దుబారిన సంగతి చెప్పాను. బెంగతో అలా అవుతుందన్నాడు. సరే, కానీ ఎడమ కాలే అని బెంగకు ఎవరు చెప్పారు? అప్పటికి నాకే తెలియదు కదా. తమ్ముడేమో దేవుడంటాడు. వాడితో వాదన మానేశాను. దొరికిన పుస్తకాలన్నీ తిరగేశాను, ఒక్క వాక్యం కనపడలేదు.

కారణం లేకుండా ఏదీ జరగదని ఇప్పటికీ అంటాను. మరి అదేమిటని ఎవరైనా ఎదురడిగితే, జొన్నచేను గట్టు మీద కర్ర లేకుండా నడిచిపోతున్న లచ్చమ్మను చూపించి ఊరుకుంటాను.