మీట మూసింది నేనే

తప్పు లినక్స్‌ది కాదు, నాది. బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే నాకు ఈ మాట ఒప్పుకోవడానికి ఏడాది పట్టింది.

మాది గద్వాల. నా భార్య సరోజ మగ్గం నేస్తుంది. హైదరాబాద్ చేనేత ప్రదర్శనలో తొలిసారి తన పేరు మీద స్టాల్ కోసం నిరుడు ఒకరోజు సాయంత్రం ఐదులోగా దరఖాస్తు పంపాల్సి వచ్చింది. ఫోన్‌లో ఆ ఫారం తెరుచుకోలేదు. పాత లాప్‌టాప్ నత్తనడక నడుస్తోందని ఆ ఉదయమే నేను విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించాను. కిటికీలు పీకేశాక గాలే ఆగిపోయింది. వైఫై రాలేదు.

వైఫైని నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ లేదేమోనని ఫోన్‌లో వెతికి, కనిపించిన ఆదేశాలన్నీ కొట్టాను. లినక్స్‌ను మళ్లీ మొదటినుంచి ఎక్కించాను.

"ఏందయ్యా, నాలుగున్నరాయె. అయితదా, కాదా?" అంది సరోజ.

"జర ఆగు, పరేషాన్ చెయ్యకు!" అని కసిరాను.

ఐదు దాటింది. సరోజ లాప్‌టాప్ మీద పడ్డ నా చెమట చుక్కల్ని కొంగుతో తుడిచింది. లాప్‌టాప్ అంచున ఉన్న చిన్న వైఫై మీట కొంగు తగిలి జరిగింది. నీలం లైటు వెలిగి, వైఫై వచ్చేసింది. ఎక్కించేటప్పుడు నెట్ అడ్డం రావద్దని ఉదయం ఆ మీట మూసింది నేనే!

"మగ్గం ఆగితే మేం ముందు చేత్తో తడిమి చూస్తం. గంత చదివినోనివి, గిదేంది?" అంది. గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ ఏడాది కూడా ఆమె చీరలు వేరేవాళ్ల స్టాల్లో, వేరేవాళ్ల పేరుతోనే అమ్ముడుపోయాయి.

మర్నాడు ఆ మీటను తెరిచి ఉంచి, చుట్టూ ఇంత జిగురు పోసి పగ తీర్చుకున్నాను. ఇక దాన్ని నేను కూడా కదపలేను.